పాడైందని పక్కన పెట్టిన కాంటాక్ట్‌కే రీడింగ్ ఎక్కువ వస్తోంది, ఎందుకు?

జింక్‌పిల్ల (తిరుపతి) · ఆదివారం రాత్రి 10:52

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

నేను తిరుపతిలో పిహెచ్.డి. చేస్తున్నాను. నా పని అమ్మోనియా సెన్సర్. పైన ఆక్సైడ్ పొర ఉన్న సిలికాన్ ముక్క మీద ఒక్క జింక్ ఆక్సైడ్ నానోవైర్‌ను (కంటికి కనిపించనంత సన్నని తీగ) పడుకోబెట్టి, రెండు కొసల్లో మెటల్ ప్యాడ్లు వేసి, 150 డిగ్రీలకు వేడి చేసి గ్యాస్ పంపిస్తాం. కరెంట్ ఎంత మారిందో చూస్తాం. ప్యాడ్లకు కింద టైటానియం, దాని మీద బంగారం. ఐ-వి గీత (ఏ ఓల్టేజీకి ఎంత కరెంటో చూపే గ్రాఫు) స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా వస్తే కాంటాక్ట్ బాగున్నట్టు. వంకరగా వస్తే ఆ డివైస్ డబ్బాలోకి పోతుంది. మా ల్యాబులో రెండేళ్ళుగా ఇదే పద్ధతి.

పోయిన వారం వచ్చిన చిప్పులో 7వ డివైస్ వంకర. ఒకవైపు ఓల్టేజీ ఇస్తే కరెంట్ పోతుంది, తిప్పి ఇస్తే దాదాపు పోదు, అచ్చం డయోడ్ లాగా. డబ్బాలో వేసేముందు ఊరికే, నిజంగా ఊరికే, దానికీ అమ్మోనియా పంపాను. మంచి డివైసుల్లో 50 పి.పి.ఎం.కి (గాలిలో పది లక్షల వంతుల్లో 50 వంతులు) కరెంట్ 15 శాతం పెరుగుతుంది. ఇందులో 9 రెట్లయింది. శాతం కాదు, రెట్లు. గ్యాస్ ఆపాక మామూలు స్థితికి రావడం కూడా చాలా తొందరగా జరిగింది.

గైడ్‌కి చూపిస్తే "కాంటాక్ట్ లూజుగా ఉండుంటుంది, మంచి డివైసుల డేటా గీసుకు రా" అన్నారు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే. రెండు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. ఇది లూజు కాంటాక్టేనా, ఇంకేమైనానా?

రేణిగుంట_టెస్ట్‌బెంచ్ · ఆదివారం రాత్రి 11:15

ముందు నిద్రపోండి మేడం.

నేను ఫ్యాక్టరీలో బోర్డులు టెస్ట్ చేసేవాణ్ణి, నానో గీనో నాకు పెద్దగా తెలియదు. కానీ "మూడుసార్లూ అంతే వచ్చింది" అని చెప్పి తర్వాత నాలుక కరుచుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. మూడు ప్రశ్నలు. ప్రోబ్ సూది మూడుసార్లూ ఎత్తి మళ్ళీ పెట్టారా, లేక ఒకసారి పెట్టి అలాగే ఉంచారా? ల్యాబులో కిటికీ ఉందా? మీరు వాడేది జింక్ ఆక్సైడ్, దానికి ఎండ తగిలితే చాలు కరెంట్ ఎగురుతుంది, అందులోనూ మన ఊరి ఎండ. మూడోది, ఆ 9 రెట్లు ఏ దిక్కున వచ్చింది, కరెంట్ పోయే వైపా, పోని వైపా?

జింక్‌పిల్ల · ఆదివారం రాత్రి 11:31

సూది ఎత్తి పెట్టాను. పెట్టె మీద నల్లగుడ్డ కప్పే చేస్తాం, మొదటి ఏడాదే ఆ దెబ్బ తిన్నాం. పొద్దున తీసిన రీడింగ్‌కీ సాయంత్రం తీసినదానికీ పొంతన లేక నెల పోయింది. మూడోదానికి జవాబు: పోని వైపు. అటు తిప్పి పెట్టి మర్చిపోయి గ్యాస్ పంపాను. రెండో దిక్కు అసలు చూడలేదు.

పీలేరు_ప్రోబ్ · సోమవారం ఉదయం 6:40

అది చూసుంటే మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరికేది. ఈరోజే చూడండి. నా అంచనా ఇప్పుడే రాసి పెడుతున్నాను: కరెంట్ సులువుగా పోయే దిక్కులో మీకు మళ్ళీ పాత 15, 20 శాతమే వస్తుంది.

మీ 7వ డివైస్‌లో ఒక కొస ఓమిక్ కాంటాక్ట్ (రెండు దిక్కులా కరెంట్ ఒకేలా పోయేది), రెండో కొస షాట్కీ కాంటాక్ట్ (డయోడ్ లాగా ఒక దిక్కునే సులువుగా పోనిచ్చేది) అయి కూర్చుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. 2009లో అమెరికాలోని జార్జియా టెక్‌లో జాంగ్ లిన్ వాంగ్ బృందం సరిగ్గా ఇలాంటి డివైస్‌నే కావాలని చేసింది. ఒకే ఒక్క జింక్ ఆక్సైడ్ నానోవైర్, ప్లాటినం ఎలక్ట్రోడ్లు, ఒకవైపు ఓమిక్, మరోవైపు షాట్కీ. 275 డిగ్రీల దగ్గర 400 పి.పి.ఎం. కార్బన్ మోనాక్సైడ్ పంపి, రివర్స్ బయాస్‌లో, అంటే కరెంట్ సులువుగా పోని దిక్కులో, 32,000 శాతం సెన్సిటివిటీ చూపించారు. రెండువైపులా ఓమిక్ ఉన్న డివైస్ కంటే అది పదివేల రెట్ల స్థాయిలో ఎక్కువ. స్పందించే సమయం, కోలుకునే సమయం ఏడో వంతుకు తగ్గాయి. అదే ఏడాది అదే బృందం అతినీలలోహిత కాంతికి కూడా ఇదే పని చేసింది. అక్కడ కోలుకునే సమయం దాదాపు 417 సెకన్ల నుంచి 0.8 సెకనుకు దిగింది.

కాబట్టి దాన్ని డబ్బాలో వేయకండి.

సప్లీ_సాయి · సోమవారం ఉదయం 8:05

అక్కా, అన్నా, నేను బి.టెక్. మూడో ఏడాది. షాట్కీ డయోడ్ గురించి సప్లీలో రాశాను, పాసయ్యాను, అయినా అర్థం కాలేదు. కాంటాక్ట్ అంటే వైరు తగిలించే చోటు కదా. సెన్స్ చేసేది నానోవైర్ కదా. తగిలించిన చోటు సెన్స్ చేయడమేమిటి?

ఇంకోటి. అమ్మోనియాకి ఎం.క్యూ. 135 అనే రెడీమేడ్ గ్యాస్ సెన్సర్ మాడ్యూల్ ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది కదా, ఇంత కష్టం దేనికి?

చిత్తూరు_అయ్యవారు · సోమవారం ఉదయం 9:20

నాయనా సాయీ, నీ మొదటి ప్రశ్న చాలా మంచిది. చాలామంది పెద్దవాళ్ళు అది అడగకుండానే రిటైరైపోయారు, నాతో కలిపి.

రెండు రకాల పదార్థాలు ఆనుకున్న చోట ఏదో జరుగుతుందని 1874లోనే జర్మనీలో ఫెర్డినాండ్ బ్రౌన్ గమనించాడు. లోహపు సల్ఫైడ్ స్ఫటికాల మీద లోహపు మొన ఆనిస్తే కరెంట్ ఒక దిక్కున సులువుగా, రెండో దిక్కున కష్టంగా పోయింది. మన జగదీశ్ చంద్ర బోస్ గలీనా స్ఫటికంతో రేడియో తరంగాలను పట్టే డిటెక్టర్ చేసి 1901లో అమెరికాలో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1904లో వచ్చింది. కాబట్టి "తగిలించిన చోటే సెన్సర్" అన్నది నూరేళ్ళు దాటిన మాట. మా చిన్నప్పుడు మేమూ క్రిస్టల్ రేడియో కట్టాం. రాయి మీద సన్నటి తీగ మొన పెట్టి, అటు జరిపి ఇటు జరిపి, ఎక్కడో ఒకచోట స్టేషన్ పలికేది. గట్టిగా తుమ్మితే పోయేది. ఈ తుమ్ము సంగతి గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

అది ఎందుకలా అన్నదానికి 1938లో వాల్టర్ షాట్కీ లెక్క చెప్పాడు. జింక్ ఆక్సైడ్ లాంటి ఎన్-టైప్ (ఎలక్ట్రాన్లే కరెంట్ మోసే) సెమీకండక్టర్‌కు, ఎలక్ట్రాన్లను గట్టిగా పట్టుకునే లోహం తగిలితే, ఆ సరిహద్దు దగ్గర సెమీకండక్టర్లోని ఎలక్ట్రాన్లు కొన్ని లోహంలోకి పోతాయి. అక్కడ ఒక ఖాళీ ప్రాంతం ఏర్పడి మధ్యలో గట్టు లేస్తుంది. దాన్నే బ్యారియర్ అంటారు. బంగారం, ప్లాటినం లాంటివి గట్టు లేపుతాయి. టైటానియం, అల్యూమినియం లాంటివి పెద్దగా లేపవు, అందుకే ఆ అమ్మాయి వాళ్ళు టైటానియం వాడుతున్నారు.

మామిడి_మండీ (దామలచెరువు) · సోమవారం ఉదయం 10:02

అయ్యవారూ, నాకు సైన్సు రాదు గానీ ఇది అర్థమైంది. చెరువు కింద కాలవ ఎంత వెడల్పుంటే ఏముంది, తూము బిగించినాక నీళ్ళు తూమును బట్టే వస్తాయి. మీరు ఇన్నాళ్ళూ కాలవను కొలుస్తా ఉన్నారు, తూము దగ్గర కొలిస్తే తేడా బాగా తెలుస్తుంది. అంతేనా?

చిత్తూరు_అయ్యవారు · సోమవారం ఉదయం 10:30

అంతే. నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి ఈ మాట చెప్పలేకపోయాను.

పీలేరు_ప్రోబ్ · సోమవారం మధ్యాహ్నం 1:12

తూము పోలిక బాగుంది, కాకపోతే ఇక్కడ తూము ఇంకా వింతగా పనిచేస్తుంది. మామూలు తూము రెండింతలు తెరిస్తే నీళ్ళూ సుమారుగా అలాగే పెరుగుతాయి. బ్యారియర్ ఎత్తు కొంచెం తగ్గితే మాత్రం కరెంట్ రెట్లలో పెరుగుతుంది. గట్టు దాటేంత వేడి శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు గుంపులో బహు తక్కువ. గట్టు కాస్త దిగితే అంతవరకు దాటలేనివి బోలెడు దాటేస్తాయి. గది వేడిమిలో బ్యారియర్ 60 మిల్లీ ఎలక్ట్రాన్ ఓల్టులు (గట్టు ఎత్తును శక్తి లెక్కలో చెప్పే కొలత) తగ్గితే చాలు, కరెంట్ పదింతలు.

మరి గ్యాస్‌కీ గట్టుకీ ఏం సంబంధం? గాలిలోని ఆక్సిజన్ జింక్ ఆక్సైడ్ ఉపరితలానికి అతుక్కుని ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. నానోవైర్ పొడవునా ఇది జరుగుతుంది, మెటల్ ఆనే అంచు దగ్గరా జరుగుతుంది. అమ్మోనియా వచ్చి ఆ ఆక్సిజన్‌తో చర్య జరిపితే ఎలక్ట్రాన్లు తిరిగి లోపలికి వస్తాయి. నానోవైర్ నడుమ దాని ఫలితం కరెంట్‌లో కొన్ని శాతాల మార్పు. అంచు దగ్గర అదే రసాయనం గట్టు ఎత్తును మారుస్తుంది. రసాయనం ఒకటే, లెక్క వేరు.

కోలుకోవడం ఎందుకు తొందరగా జరిగిందన్నది కూడా ఇందులోనే ఉంది. ఓమిక్ డివైస్ మామూలు స్థితికి రావాలంటే తీగ పొడవునా ఆక్సిజన్ మళ్ళీ అతుక్కోవాలి. షాట్కీ డివైస్‌లో అంచు దగ్గరున్న చిన్న చోటు సర్దుకుంటే చాలు, కరెంట్ దాని మాటే వింటుంది.

సాయీ, నీ ఎం.క్యూ. 135 కూడా ఒకరకంగా ఇదే చుట్టం. జపాన్‌లో టగుచి 1960లలో తెచ్చిన టిన్ ఆక్సైడ్ సెన్సర్ల వంశం అది. అందులో లక్షల రేణువులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, రేణువుకూ రేణువుకూ మధ్య చిన్న చిన్న గట్లు. కాకపోతే దాని హీటర్ ఒక్కటే వాట్‌కి కాస్త తక్కువగా కరెంట్ తాగుతుంది. బ్యాటరీ మీద నెలల తరబడి నడపాలంటే కుదరదు. పైగా అమ్మోనియా అయినా, ఆల్కహాల్ అయినా, పొగ అయినా అన్నింటికీ అరుస్తుంది.

సప్లీ_సాయి · సోమవారం మధ్యాహ్నం 1:40

అన్నా, ఇది సిలబస్‌లో ఇలా ఎందుకు రాయరు?

జింక్‌పిల్ల · సోమవారం రాత్రి 9:48

చూశాను! కరెంట్ సులువుగా పోయే దిక్కులో 50 పి.పి.ఎం.కి 19 శాతం. తిప్పితే మళ్ళీ 9 రెట్లు. అదే డివైస్, అదే గ్యాస్, అదే గంట. ప్రోబ్ గారూ, మీ అంచనా స్క్రీన్‌షాట్ తీసి గోడకు అంటించాను.

లెక్క కూడా వేశాను. 9 రెట్లంటే బ్యారియర్ దాదాపు 57 మిల్లీ ఎలక్ట్రాన్ ఓల్టులు తగ్గినట్టు. సరేనా?

పీలేరు_ప్రోబ్ · సోమవారం రాత్రి 10:10

మీ డివైస్ 150 డిగ్రీల దగ్గర ఉంది కదా. 60 అన్నది గది వేడిమి లెక్క. 150 డిగ్రీలంటే 423 కెల్విన్, అక్కడ పదింతలకు 84 కావాలి. 9 రెట్లకు దాదాపు 80. నేనే సరిగ్గా చెప్పాల్సింది. అంటే ఎంత వేడి చేస్తే అంత ఈ రెట్ల లాభం తగ్గుతుంది. రసాయనం మాత్రం వేడిలోనే చురుగ్గా నడుస్తుంది. రెండింటికీ మధ్య ఎక్కడో మంచి చోటు ఉంటుంది, అది మీరే వెతుక్కోవాలి.

ఫార్వర్డ్‌లో, అంటే కరెంట్ సులువుగా పోయే దిక్కులో, తక్కువ రావడానికి కారణం మీకు తెలిసే ఉంటుంది. ఆ దిక్కున ఓల్టేజీ పెరిగేకొద్దీ గట్టు అడ్డు పోతుంది, మిగిలేది తీగ రెసిస్టెన్స్. తూము తెరిచేశారు, మళ్ళీ కాలవనే కొలుస్తున్నారు.

రేణిగుంట_టెస్ట్‌బెంచ్ · మంగళవారం ఉదయం 7:25

అందరూ పండగ చేసుకుంటున్నారు, మధ్యలో నేను దిష్టిబొమ్మలా రావాల్సి వస్తోంది.

రివర్స్ దిక్కులో కరెంట్ మొదటే చాలా తక్కువ. చిన్న అంకెతో భాగిస్తే ఏదైనా పెద్దగానే కనిపిస్తుంది. 32,000 శాతం అన్నది పేపర్లో భలే ఉంటుంది, కానీ వినియోగదారుడు అడిగేది అది కాదు. ఎంత తక్కువ గ్యాస్‌ను నమ్మకంగా పట్టగలదు? అది తెలియాలంటే మార్పుతో పాటు నాయిస్ (గ్యాస్ లేకపోయినా రీడింగ్ దానంతటదే ఊగడం) కూడా కొలవాలి. మార్పు పదింతలై నాయిస్ ఇరవై ఇంతలైతే మీకు దక్కింది ఏమీ లేదు. మేడం, మీరు గ్యాస్ లేకుండా ఒక గంట పాటు బేస్‌లైన్ రాసి పెట్టారా?

రెండోది, వేడిమి. బ్యారియర్ 0.6 ఎలక్ట్రాన్ ఓల్టులు అనుకుందాం. 150 డిగ్రీల దగ్గర హీటర్ ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే మీ కరెంట్ నాలుగు శాతానికి పైగా కదులుతుంది. గది వేడిమిలో అయితే ఎనిమిది శాతం దాకా. రెట్లలో పెరిగే గుణం గ్యాస్‌కి ఒక్కదానికే పనిచేయదు కదా. మీ హీటర్ ఎంత నిలకడగా ఉంటుంది?

అయ్యవారి తుమ్ము సంగతి గుర్తుంచుకోమన్నది ఇందుకే అనుకుంటా.

చిత్తూరు_అయ్యవారు · మంగళవారం ఉదయం 8:00

ఇందుకే.

జింక్‌పిల్ల · మంగళవారం రాత్రి 11:05

టెస్ట్‌బెంచ్ గారూ, కోపం రాలేదు, కానీ ఒక పూట అన్నం సయించలేదు. గంట బేస్‌లైన్ తీశాను. ఓమిక్ డివైస్ గీత నున్నగా ఉంది. 7వది గుంతల రోడ్డులా ఉంది, మెల్లగా పైకి కూడా పాకుతోంది. మార్పును నాయిస్‌తో భాగిస్తే 7వదానికి ఇంకా లాభమే, కానీ 9 రెట్ల లెక్క చూసి నేను ఊహించుకున్నంత కాదు. హీటర్ అర డిగ్రీ అటూ ఇటూ ఊగుతోంది. పాకడంలో కొంత దానిదే అయ్యుంటుంది.

ఇంకో సంగతి. అసలు 7వదానికి ఇలా ఎందుకైందని లాగ్ పుస్తకం తిరగేశాను. మేము రెండు కొసల ప్యాడ్లను వేర్వేరు రోజుల్లో వేస్తాం. రెండో రోజు ఎంట్రీలో ఎవరో పెన్సిల్‌తో "టైటానియం అయిపోవచ్చింది" అని రాశారు. అంటే చిప్పులో ఆ మూలకు టైటానియం సరిగ్గా పడలేదు, బంగారం నేరుగా తీగ మీదే కూర్చుంది.

పీలేరు_ప్రోబ్ · మంగళవారం రాత్రి 11:30

దొరికింది దొంగ. పుస్తకం లెక్కలో బంగారం వర్క్ ఫంక్షన్ (లోహం ఎలక్ట్రాన్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందో) 5.1 ఎలక్ట్రాన్ ఓల్టులు, జింక్ ఆక్సైడ్ ఎలక్ట్రాన్ అఫినిటీ (సెమీకండక్టర్‌కు అలాంటి కొలతే) సుమారు 4.2, తీసేస్తే గట్టు 0.9 రావాలి. కొలిస్తే మాత్రం మామూలుగా 0.6, 0.7 దగ్గరే తేలుతుంది. సరిహద్దులో ఉండే లోపాలు, అక్కడ చిక్కుకున్న ఎలక్ట్రాన్లు గట్టు ఎత్తును తమ ఇష్టానికి తిప్పుకుంటాయి. సెమీకండక్టర్ ఉపరితలంలోనే ఇలాంటి స్థితులు ఉంటాయని 1947లో బార్డీన్ చెప్పాడు. మెటల్ మారిస్తే గట్టు అనుకున్నంతా మారదు. ఉపరితలం శుభ్రం చేసే పద్ధతి మారిస్తే మాత్రం మారిపోతుంది. ఈ రంగంలో సగం ఏడుపు ఇదే.

రేణిగుంట_టెస్ట్‌బెంచ్ · బుధవారం ఉదయం 7:10

టైటానియం అక్కడ పెట్టేది కాంటాక్ట్ కోసమే కాదు, బంగారం అంటుకోవడానికి కూడా. అది లేకపోతే ఆక్సైడ్ మీద బంగారం పొరలా లేచిపోతుంది. ఆ ప్యాడ్ మీద సూది గట్టిగా గుచ్చకండి.

స్పందన నిజంగా ఆ కొసదేనా అన్నది ఇంకా తేలలేదు. బంగారం అంచును పీ.ఎం.ఎం.ఏ. అనే ప్లాస్టిక్ పొరతో కప్పి, గ్యాస్ తగలకుండా చేసి చూడండి. స్పందన పోతే కాంటాక్ట్‌దే. పోకపోతే ప్రోబ్ గారు గోడ మీది స్క్రీన్‌షాట్ చించుకోవాలి.

పీలేరు_ప్రోబ్ · బుధవారం ఉదయం 7:45

పరీక్ష మంచిది, పొర తప్పు. పీ.ఎం.ఎం.ఏ. 105 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మీరు 150లో పెడితే జారిపోతుంది. వేడికి తట్టుకునే ఎస్.యు. 8 అనే పాలిమర్ పూత వాడి బాగా కాల్చండి. కొన్ని డివైసులకు కొస కప్పండి, కొన్నింటికి కొస వదిలేసి నడుమ తీగను కప్పండి. రెండూ ఉంటేనే మాట నిలుస్తుంది. ఉన్న ఒక్క 7వదాని మీద మాత్రం చేయకండి. టైటానియం లేకుండా ఒక కొస కావాలని వేసి కొత్త చిప్పు చేయండి.

మామిడి_మండీ · బుధవారం మధ్యాహ్నం 2:20

మధ్యలో నాదొక మాట. మాకు గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళతో వ్యాపారం. తోతాపురి కాలంలో కోల్డ్ స్టోరేజీలన్నీ అమ్మోనియా మీదే నడుస్తాయి. ఒకసారి ఎక్కడో వాల్వు దగ్గర కారి కళ్ళు మండి అందరం బయటికి పరిగెత్తినాం. ముక్కుకు తెలిసేలోపే అరిచే పెట్టె ఉంటే బాగుండు. ఇంకోటి, కాయ మాగబెట్టే గదిలో ఎథిలీన్. కార్బైడ్ నిషేధం కదా, ఎథిలీన్ అయితే 100 పి.పి.ఎం. దాకా పెట్టుకోవచ్చన్నారు. అది ఎంతుందో చూపించే మంచి మీటరు చవగ్గా దొరకదు. ఈ తూము సెన్సర్ దానికి పనికొస్తుందా?

పీలేరు_ప్రోబ్ · బుధవారం రాత్రి 8:15

అన్నా, అమ్మోనియాకు ఆశ ఉంది. పనిచేసే చోట ఎనిమిది గంటలకు 25 పి.పి.ఎం. మించకూడదని అమెరికాలో ఒక సిఫారసు ఉంది. ఆ స్థాయిని పట్టడం వీటికి కష్టం కాదు.

మాగబెట్టే గది వేరే సంగతి. అక్కడ గాలిలో తేమ 90 శాతం పైన ఉంటుంది. నీటి ఆవిరి అదే అంచుకు అతుక్కుని గట్టును కదిలిస్తుంది. పండు పండేటప్పుడు ఆల్కహాల్ ఆవిర్లు కూడా వస్తాయి, ఈ సెన్సర్లకు అవంటే మహా ఇష్టం. ఎథిలీన్ ఎంతో చెప్పమంటే "ఏదో ఉంది" అని చెబుతుంది.

ఒక్కో గ్యాస్‌కు తగిన లోహం దొరికితే కథ మారుతుంది. హైడ్రోజన్‌కు పల్లాడియం అలాంటిది. పల్లాడియం హైడ్రోజన్ అణువును విడగొట్టి లోపలికి పీల్చుకుని సరిహద్దు దాకా చేరుస్తుంది. 1975లోనే స్వీడన్‌లో లుండ్‌స్ట్రోమ్ బృందం ఆ దారిలో సెన్సర్ చేసింది. కాంటాక్ట్ మెటలే గ్యాస్‌ను ఎంచుకుంటుంది. నాకు అన్నింటికంటే ఇష్టమైన ఉపాయం అది. ఎథిలీన్‌కు అంత చక్కటి జోడీ ఉంటే మీ మండీకి నేనే పెట్టె పట్టుకొస్తాను.

మామిడి_మండీ · బుధవారం రాత్రి 8:40

రండి, కాయలు మాత్రం ఊరికే ఇస్తాం.

మోడరేటర్ · గురువారం ఉదయం 9:00

మామిడి రకాల మీద వచ్చిన 14 పోస్టులు వేరే థ్రెడ్‌కి మార్చాం. బేనిషా గొప్పా తోతాపురి గొప్పా అన్నది అక్కడ తేల్చుకోండి.

సప్లీ_సాయి · 3 వారాల తర్వాత, శనివారం సాయంత్రం 6:30

అక్కా, బతికే ఉన్నారా?

జింక్‌పిల్ల · శనివారం రాత్రి 11:58

ఉన్నాను. టైటానియం ఉండగా లేకుండా వేయమంటే ఆపరేటర్ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

12 డివైసులు చేశాం. టెస్ట్‌బెంచ్ గారు చెప్పినట్టే మూడింటికి బంగారం లేచిపోయింది, అందులో ఒకటి నా చేతుల్లోనే. ఒకటి అసలు పలకలేదు. మిగిలిన ఎనిమిదీ డయోడ్‌లాగే ఉన్నాయి. ఎనిమిదింట్లోనూ రివర్స్‌లో పెద్ద స్పందన, ఫార్వర్డ్‌లో చిన్నది. కానీ "పెద్ద" అన్నది ఒక్కోదానికి ఒక్కోలా ఉంది. ఒకదానికి 3 రెట్లు, ఇంకోదానికి 40. ఒకే చిప్పు, ఒకే రోజు, ఒకే బంగారం.

ఎస్.యు. 8 పరీక్ష నాలుగింటి మీద చేశాను. బంగారం కొస కప్పిన రెండింటిలోనూ స్పందన పడిపోయింది, రివర్స్‌లో కూడా పాతిక శాతం లోపే. నడుమ కప్పి కొస వదిలేసిన రెండింటిలో దాదాపు అంతకుముందు ఎంత వచ్చిందో అంతే వచ్చింది. ఆ రెండో గ్రాఫు వచ్చినప్పుడు ల్యాబులో ఒక్కదాన్నే ఉన్నాను, అందుకని ఎవరికీ చెప్పుకోలేక టీ తాగి వచ్చాను.

హీటర్‌కి కొత్త కంట్రోలర్ పెట్టాక పాకడం తగ్గింది, పూర్తిగా పోలేదు.

రేణిగుంట_టెస్ట్‌బెంచ్ · ఆదివారం ఉదయం 6:55

నడుమ కప్పిన పరీక్ష చూశాక నేను నోరు మూసుకోవాలి. స్పందన కాంటాక్ట్‌దే, ఒప్పుకున్నాను.

3 నుంచి 40 అన్నది మాత్రం వదలను. అలాంటివి వెయ్యి చేస్తే ఒక్కోదాన్నీ విడివిడిగా కాలిబ్రేట్ చేయాలి, అది మా లైనులో నడవదు. ఒక దారి చెప్పనా? పక్కపక్కనే రెండు డివైసులు పెట్టండి. ఒకటి తెరిచినది, రెండోది ఎస్.యు. 8తో కొస కప్పినది. రెండూ ఒకే వేడిలో ఉంటాయి. రెండింటి తేడా తీసుకుంటే హీటర్ ఊగడం చాలావరకు కొట్టుకుపోతుంది. 3కీ 40కీ తేడా అది తీర్చదు, కానీ పాకడం తీరుస్తుంది. మీ దగ్గర ఆ జత ఇప్పటికే ఉంది.

పీలేరు_ప్రోబ్ · ఆదివారం ఉదయం 9:10

ఇది చాలా మంచి సలహా, నాకు తట్టనందుకు కొంచెం సిగ్గుగా ఉంది. గట్టు ఎత్తులు అచ్చంగా సమానం కావు కాబట్టి పూర్తిగా కొట్టుకుపోదు, ఒకదాన్ని ఎంతో కొంత హెచ్చించి తీసేయాలి. అయినా చేయండి.

3కీ 40కీ తేడా బహుశా శుభ్రంలో ఉంది. బంగారం వేసేముందు లిథోగ్రఫీలో (ప్యాడ్ల ఆకారం గీసే పద్ధతి) పూసే రెసిస్ట్ జిడ్డు తీగ మీద కొంచెం మిగిలినా గట్టు మారిపోతుంది. ఆ జిడ్డును తీసే ఆక్సిజన్ ప్లాస్మా ఎంతసేపు ఇస్తున్నారో ఆ ఒక్కటే మార్చి ఒక చిప్పు చేసి చూడండి.

చిత్తూరు_అయ్యవారు · ఆదివారం ఉదయం 10:45

అమ్మాయీ, గైడ్ ఏమన్నారు?

జింక్‌పిల్ల · ఆదివారం రాత్రి 10:20

నాలుగు గ్రాఫులూ బల్ల మీద పెట్టాను సార్. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "వంకర డివైసులు వేసే డబ్బా ఎక్కడుంది" అని అడిగారు. బీరువా కింద అరలో ఉంది. ఇద్దరం కింద కూర్చుని లెక్కపెట్టాం. రెండేళ్ళవి 23 ఉన్నాయి. ఆరింటి మీద ఏ చిప్పో కూడా రాసి లేదు, మిగతా 17 చదవొచ్చు. రేపు పొద్దున మొదటిదాంతో మొదలుపెడుతున్నాం.